పాప పెట్టెకు నాలుగు బల్బులు

మా ఊరికి కరెంటు వచ్చింది గానీ, మా ఇంటి దాకా వచ్చేసరికి దానికి ఓపిక ఉండేది కాదు. ఇందుకూరుపేట మీదుగా వచ్చే లైనుకు మా ఊరే చివర. మా తర్వాత సరుగుడు తోపులు, ఇసుక, సముద్రం. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కాలవ నీళ్లు చివరి చేలకు అందక, రైతులంతా బోర్లకు మోటార్లు పెట్టి నార్లు కాపాడుకుంటున్నారు. మోటార్లు ఆడినంతసేపూ మా ఇంట్లో బల్బు పండు నిమ్మకాయ రంగులో ఉండేది. లోపలి తీగను కళ్లు చికిలించకుండా చూడవచ్చు. దాని కింద పుస్తకం మాత్రం చదవలేం. చదువుకోవడానికి నేను పక్కన కిరసనాయిలు దీపం పెట్టుకునేదాన్ని.

నేను అప్పుడు నెల్లూరులో పి.యు.సి. చదువుతున్నాను. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా సెలవులిస్తే ఇంటికి వచ్చాను. మిషను బడిలో పంతులుగా ఉన్న నాన్న, నాన్నను కన్న అవ్వ, పురిటికి వచ్చిన అక్క, నేను, అంతే ఇంట్లో. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్కే. బడిలో లెక్కలంటే మగపిల్లల కన్నా ముందుండే అక్క, అమ్మ పోయిన ఏడు ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి నాకు జడలు వేయడం మొదలుపెట్టింది. బావ గూడూరు అవతల అభ్రకం గనుల్లో గుమాస్తా. కాన్పు ఫిబ్రవరిలో అనుకున్నాం కాబట్టి ఆయన అప్పటికి సెలవు పెట్టుకున్నాడు.

నేను మనుషుల ముందు మాట్లాడేదాన్ని కాదు. ఇంటికి ఎవరన్నా వస్తే వెనక వసారాలోకి వెళ్లి కూచునేదాన్ని. కాలేజీలోనూ అంతే. ఫిజిక్సు ల్యాబులో తీగలు ముట్టుకోవాలంటే మిగతా అమ్మాయిలు కేకలు పెట్టేవాళ్లు. నేను మాత్రం ఓల్టుమీటరు ముల్లు, అమ్మీటరు ముల్లు చూసి అంకెలు రాసుకోవడంలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని ఆ బల్ల దగ్గరే నిలబడేదాన్ని. ఓల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. ఓల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు. ఎన్నిసార్లు చేసినా అదే వచ్చేది. నాకు అది ఇష్టంగా ఉండేది.

కొత్త సంవత్సరం ఆరాధన అయిన వారంలోనే అక్కకు నొప్పులు వచ్చాయి. పాప పుట్టింది. నాన్న అరచేయీ ముంజేయీ కలిస్తే ఎంతో అంతే ఉంది. ఏడుపు పిల్లికూన కూతలా వచ్చి ఆగిపోయింది. కాన్పు చేసింది మా వీధి నర్సమ్మ. మిషను ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి, వయసు మీద పడి ఊరికి వచ్చిన మనిషి. నాన్న బండి కట్టించబోతే ఆమె అడ్డుపడింది.

"ఈ మంచులో బండిలో రోడ్డు దాకా, బస్సులో నెల్లూరు దాకానా పంతులయ్యా? ఆసుపత్రి గేటుకాడికి పోయేసరికి పిల్ల చల్లబడిపోతది. ఇట్టాటోళ్లకి పాలకన్నా ముందు వెచ్చదనం కావాల. అక్కడ మేం పెట్టెలో పెట్టేవాళ్లం. ఒక టీ పెట్టె తెప్పించండి."

అంగడి నుంచి నాన్న పలకచెక్క టీ పెట్టె తెచ్చాడు. మధ్యలో చిల్లులు పొడిచిన చెక్క అడ్డం పెట్టి, కింద అరలో రెండు బల్బులు, పై అరలో దూది పరుపు, మూలన తడిగుడ్డ వేసిన గిన్నె. నర్సమ్మ ఒక్కొక్కటీ చెబుతుంటే నాన్న మేకులు కొట్టాడు. అవ్వ గుమ్మంలో నిలబడి తల కొట్టుకుంది.

"పిల్లను కరెంట్లో పెడతారంట్రా? అదేమన్నా ఇస్త్రీ గుడ్డా?"

"ఏం కాదులే పెద్దమ్మా. కోడి కింద గుడ్డు ఉన్నట్టు ఉంటది. ఈ కోడి పొడవదు, అంతే" అంది నర్సమ్మ.

మర్నాటి పొద్దునకే పాప పాదాలు చల్లబడ్డాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సమ్మ పెట్టెలో చెయ్యి పెట్టి చూసి మొహం చిట్లించింది. "ఇది వేడా? ఆరిపోయిన పొయ్యిలో పిల్లి పొణుకునే బూడిద మాదిరి ఉంది. ఆసుపత్రిలో ఇవే రెండు అరవై బల్బులు. ఇక్కడ ఏమొచ్చిందో!"

ఏమొచ్చిందో నాకు తెలుసు. కానీ అంకె కావాలి. ఊళ్లో ఓల్టుమీటరు ఉన్నది ఒక్క బియ్యం మిల్లులోనే. నాన్నను పంపుదామంటే అప్పటికే బడికి వెళ్లిపోయాడు. పైట భుజాల చుట్టూ కప్పుకుని నేనే వెళ్లాను. మిల్లు గుమ్మం దగ్గర నిలబడితే లోపల బెల్టుల చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు. మిల్లు ఆడించే డ్రైవరు ఒళ్లంతా తౌడుతో బయటికి వచ్చాడు.

"పంతులుగారి పాపవి గదా? ఏం కావాల, బియ్యమా తౌడా?"

"మీటరు చూడాలి."

"ఏ మీటరు?"

"ఓల్టుమీటరు."

అతను వెనక్కి తిరిగి లోపలి వాళ్లకు వినబడేలా అరిచాడు. "ఒరే, మన మీటరుకు పెళ్లిచూపులొచ్చినాయిరా! చొక్కాలు ఏసుకోండి!"

లోపల నవ్వులు. నా చెవులు కాలిపోయాయి. తిరిగి వచ్చేద్దునే గానీ పాప పాదాల చల్లదనం ఇంకా నా వేళ్లకు ఉంది. బోర్డు దగ్గరికి వెళ్లి చూశాను. దీపాల లైనుకున్న ముల్లు నూటయాభై దగ్గర వణుకుతోంది.

"దినమంతా ఇట్నే ఉంటదా అన్నా?" అని అడిగాను. అంత పొడుగు మాట పరాయి మగవాడితో అదే మొదటిసారి.

అతను నవ్వడం ఆపాడు. "మోటార్లు ఆడినంతసేపూ ఇట్నే పాపా. అవి ఆగితే మాత్రం చూడాల, ఎగిరి రెండొందల ముప్ఫై మీద కూచుంటది. ఎందుకు, ఇంట్లో ఏమన్నా కాలిపోయిందా?"

చెప్పాను. "చిన్నబిడ్డకా!" అని, చేతులు తుడుచుకుని, సామాను గదిలోంచి రెండు బల్బులు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

దారిలోనే లెక్క కట్టుకున్నాను. బల్బు మీద రాసి ఉన్నది రెండు వందల ముప్ఫై ఓల్టులు, అరవై వాట్లు. అరవైని రెండు వందల ముప్ఫైతో భాగిస్తే అది తీసుకునే కరెంటు: పాయింటు రెండు ఆరు ఆంపియర్లు. రెండు వందల ముప్ఫైని ఆ కరెంటుతో భాగిస్తే బల్బు నిరోధం: ఎనిమిది వందల ఎనభై ఓములు, కాస్త అటూ ఇటూగా. ఊరి చివర లైనయినా, నెల్లూరు ఆసుపత్రయినా బల్బు నిరోధం బల్బుదే. తీగ చల్లబడితే అది కొంచెం తగ్గుతుందని మా లెక్చరరు చెప్పింది గానీ ఆ కొంచెం నేను వదిలేశాను. ఇప్పుడు ఉన్నది నూటయాభై. దాన్ని ఎనిమిది వందల ఎనభైతో భాగిస్తే పాయింటు ఒకటి ఏడు ఆంపియర్లు. నూటయాభైని ఆ పాయింటు ఒకటి ఏడుతో గుణిస్తే ఇరవై ఐదున్నర. అంటే అరవై బల్బు మా ఇంట్లో పాతిక వాట్లే ఇస్తోంది. ఓల్టులు మూడో వంతు తగ్గితే వేడి సగానికి పైగా పోయింది.

ఇంటికి వచ్చి నర్సమ్మతో, "రెండు చాలవు. నాలుగు పెట్టాలి" అన్నాను.

సాయంత్రానికి నాన్న ఇంకో రెండు హోల్డర్లు బిగించాడు. ఒక గంట గడిచాక నర్సమ్మ పెట్టెలో మోచేయి ఆనించి, "ఆఁ! ఇది కోడి!" అంది. పాప పెదాలకు రంగు వచ్చింది. దూదిని పాలలో ముంచి పిండితే మింగింది. మంచం మీదున్న అక్క నా చెయ్యి లాక్కుని తన చెంపకు ఆనించుకుంది.

మోటార్లు ఆగితే ఏమవుతుందో కూడా ఆ పూటే చెప్పాను. నిండు ఓల్టేజీలో నాలుగు బల్బులంటే రెండు వందల నలభై వాట్లు. ఆసుపత్రి పెట్టెకు రెట్టింపు. అందుకని బల్బులు తెల్లగా వెలిగితే వెంటనే రెండు తీసేయాలి. నాన్న తల ఊపాడు. నర్సమ్మ ఊపింది. అక్క, "తెల్లగా వెలిగితే రెండు తియ్యాల" అని నాకే తిరిగి అప్పజెప్పింది. అవ్వ మాత్రం, "వెలుగొస్తే దీపం తీసేదేందే? ఈ కాలేజీ చదువులు నాకు అర్థం కావు" అంది. మేం వంతులు వేసుకుని పెట్టె దగ్గర కూచున్నాం. నేను డైరీ రాస్తాను గానీ ఆ రోజుల్లో కాగితం ముట్టుకోలేదు. పాప కడుపు ఎగరడం, దిగడం చూస్తూ కూచోవడంతోనే పొద్దు గడిచేది.

ఆదివారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లో పెట్టుకున్నారు. పాప కోసమే. పెట్టె ఉన్న గదిలో చాపల మీద అందరూ మోకాళ్లూనారు. మా కూటాల్లో ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తారు. చివరి ఆమెన్ దాకా ఎవరూ కళ్లు తెరవరు, కదలరు. చంకలో పిల్ల ఏడ్చినా తల్లి మోకాళ్ల మీద నుంచి లేవదు. నేను పెట్టె పక్కనే ఉన్నాను. చివరగా అవ్వ అందుకుంది. అవ్వ ప్రార్థన పొడుగు. చనిపోయిన వాళ్లందరినీ, ఊళ్లో జబ్బుపడ్డ వాళ్లందరినీ తలుచుకుని పాప దగ్గరికి వచ్చింది.

"ప్రభువా, ఈ బిడ్డ గువ్వపిల్ల కన్నా చిన్నది. నీ వెలుగు దీని మీద ప్రకాశింపనియ్యి తండ్రీ, నీ వెచ్చని రెక్కల కింద..."

మూసుకున్న రెప్పల మీద ఎర్రగా వెలుగు తగిలింది. కళ్లు తెరిచాను. గోడ మీది బల్బు పట్టపగల్లా ఉంది. పెట్టె చెక్క సందుల్లోంచి తెల్లటి గీతలు బయటికి వచ్చి చాపల మీద పడ్డాయి. ఎవరో "స్తోత్రం!" అన్నారు. ఇంకెవరో ఏడుపు గొంతుతో "స్తోత్రమయ్యా!" అన్నారు. అవ్వ కళ్లు తెరవకుండానే చేతులు పైకెత్తి, ఇంకా గట్టిగా కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టింది.

నేను లేచాను. అంతమంది మోకాళ్ల మధ్య నిలబడ్డాను. పెట్టె పక్క తలుపు లాగితే వేడి మొహానికి కొట్టింది. పైట చెంగు చేతికి చుట్టుకుని ఒక బల్బు తీశాను, రెండోది తీశాను. వేళ్ల చివర్లు చుర్రుమన్నాయి. అక్క అప్పటికే మంచం దిగి పాపను బయటికి ఎత్తుకుంది. పాప ఒళ్లు కెంపులా ఉంది, ఊపిరి వడివడిగా ఆడుతోంది. ప్రార్థన ఆగిపోయింది. అందరి కళ్లూ నా చేతిలో ఉన్న ఆరిపోయిన బల్బుల మీద ఉన్నాయి.

"ఏం చేసినావే?" అంది అవ్వ.

లెక్క అంతా నా నాలుక చివరనే ఉంది. ఒక్క ముక్క బయటికి రాలేదు.

నర్సమ్మ వచ్చి పాపను చూసి, కాసేపు చెంచాతో నీళ్లు తాగించి, "సమయానికి తీసినారు. ఇంకాసేపుంటే వాడిపోయేది" అంది. ఆ మాట విన్నది నేనూ, అక్కా, అప్పుడే ఇంటికి వచ్చిన నాన్నా మాత్రమే. కూటం వాళ్లు అప్పటికి వెళ్లిపోయారు, అవ్వ వాళ్లను సాగనంపడానికి వీధిలోకి వెళ్లింది.

పాప ఆ తర్వాత కూడా బతికింది. రెండు మూడు రోజులు పాలు కొంచెం ఎక్కువే తాగింది. ఒకసారి నా వేలు పట్టుకుంది. పట్టుకోవడమంటే, తన వేళ్లు నా గోటి మీద ఆనించింది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున, నాన్న చూస్తుండగానే, ఊపిరి తీసుకుని వదిలి మళ్లీ తీసుకోలేదు. పెట్టె వెచ్చగానే ఉంది. నర్సమ్మ పాపను చాలాసేపు ఒళ్లో పెట్టుకుని, "ఊపిరితిత్తులు తయారు కాలేదమ్మా. పెట్టె ఎంత వెచ్చగా ఉన్నా ఊపిరి మనం పోయలేం గదా" అంది.

సరుగుడు తోపు అవతల మా వాళ్ల సమాధుల దొడ్డి. ఇసుక కావడంతో గుంట తవ్వుతుంటే పక్కలు జారిపడుతూనే ఉన్నాయి. పాప పుట్టిందన్న ఉత్తరం ఆలస్యంగా అంది, బావ ఆ మధ్యాహ్నానికి వచ్చాడు. కూతుర్ని చూసింది అదే మొదలు. రెండు రోజులుండి పనికి వెళ్లిపోయాడు.

కూటం ఆడవాళ్లు పలకరించడానికి వచ్చి వసారాలో మెల్లగా మాట్లాడుకునేవాళ్లు. మెల్లగా అంటే నాకు వినిపించేంత మెల్లగా. "ప్రార్థన మధ్యలో లేచిందంట." "దేవుడు ఇచ్చిన వెలుగును చేత్తో తీసేసింది." అవ్వ అంత దాపరికం పెట్టుకోలేదు. అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా, "అడిగినోళ్లకి ఇచ్చినాడు. ఇంట్లోవాళ్లే వద్దన్నారు" అంది. నాన్న, "అమ్మా!" అని గట్టిగా అన్నాడు గానీ అవ్వ అప్పటికే ఏడుస్తోంది. ముసలితనంలో ఆమెకు దక్కిన మొదటి ముని మనవరాలు. ఆమెను ఏమనాలి?

నన్ను బాధపెట్టింది అవ్వ మాట కాదు, అక్క మౌనం. అక్క నాతో మాట్లాడటం మానలేదు. అన్నం తిన్నావా అని అడిగేది, జడ వేసేది. కానీ పెట్టె గురించి, ఆ సాయంత్రం గురించి ఒక్క మాట లేదు. జడ అల్లుతుంటే ఆమె వేళ్లు ఒక్కోసారి ఆగిపోయేవి. అప్పుడు అక్క ఏమనుకుంటోందో వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు ఉండేది కాదు. తనూ అవ్వలాగే అనుకుంటోందా? అడగాలంటే భయం. అడక్కుండా కాలేజీకి వెళ్లిపోవాలంటే ఇంకా భయం.

సెలవులు అయిపోయాయి. నేను బయలుదేరాల్సిన పొద్దున అక్క వెనక వసారాలోకి వచ్చింది. చేతిలో నాన్న బడి నుంచి తెచ్చుకునే సుద్దముక్క ఉంది. గచ్చు మీద కూచుని సుద్దముక్క నా ముందు పెట్టింది.

"ఆ లెక్క నాకు చెప్పు."

"ఏ లెక్క?"

"నాలుగు బల్బులన్నావే, ఆ లెక్క. అందరూ ఏదో ఒకటి చెప్తా ఉండారు. నేను చేసి చూసుకుంటా."

గచ్చు మీద రాశాను. ఓల్టులంటే తోసే బలమనీ, ఆంపియర్లంటే పారే కరెంటనీ, ఓములంటే తీగ వేసే అడ్డు అనీ చెప్పాను. అక్క రెండోసారి చెప్పించుకోలేదు. సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని నూటయాభైకి తనే చేసింది. పాతిక వచ్చింది. రెండు వందల ముప్ఫైకి చేసింది. అరవై వచ్చింది. కాసేపు రెండు అంకెలూ చూసింది.

"ఓల్టులు పెరిగితే కరెంటు గూడా పెరుగుద్ది. రెండూ పెరిగినాక గుణిస్తాం. అందుకని వేడి అంత పైకి పోతది. అంతేనా?"

"అంతే అక్కా."

"మూడే పెట్టుంటే?"

అక్క తనే లెక్క కట్టింది. నూటయాభైలో డెబ్భై ఆరు వాట్లు. రెండు వందల ముప్ఫైలో నూట ఎనభై. "అప్పుడు చలికి పోయేది" అని తనకు తానే చెప్పుకున్నట్టు అంది. ఇంకొంచెం సేపటికి, "తియ్యకుండా ఉంటే ఆ సాయంత్రమే పోయేది" అంది. అలా అంటూ ఏడ్చింది. పాప పోయాక అక్క ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను పక్కన కూచుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, అంత త్వరగా అర్థం చేసుకుంది. నా పి.యు.సి. సీటు అక్కదే కావలసింది అనిపించింది.

అప్పుడు పెరటి దడి అవతల నుంచి దగ్గు వినిపించింది. మా పక్క చేల పెద్దాయన. ఊళ్లో మొట్టమొదట మోటారు పెట్టింది ఆయనే. మిగతా రైతులు ఆయన మాట దాటరు. పలకరించడానికి వచ్చి, మగదిక్కు ఇంట్లో లేదని దడి దగ్గరే తువాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఇన్నాళ్లూ రాలేకపోయినా. మొహం చెల్లలేదు" అన్నాడు. "మీ నాయన అంగట్లో చెప్పినాడు, మోటార్లు ఆడతా ఉంటే బిడ్డ పెట్టెకు కరెంటు చాలడం లేదని. మనసు ఉండబట్టలా. ఆ ఆదివారం అందరికీ చెప్పి మోటార్లు ఆపించినా. నారు ఎండితే ఎండనీ, బిడ్డకు వెచ్చగుంటే చాలనుకున్నాం. ఆ పొద్దు వెలుగు బాగొచ్చిందా తల్లీ? ఏమన్నా పనికొచ్చిందా?"

వంటింటి గుమ్మంలో చప్పుడయింది. అవ్వ అక్కడ నిలబడి ఉంది, చేతిలో చేటతో. విన్నదని మొహం చూస్తే తెలిసింది. అక్క నా వైపు చూడలేదు, అవ్వ వైపు చూడలేదు. కళ్లు తుడుచుకుని లేచి దడి దగ్గరికి వెళ్లింది.

"బాగొచ్చింది పెద్దయ్యా. ఇల్లంతా తెల్లగా అయింది. బిడ్డ వెచ్చగా నిద్రపోయింది."

పెద్దాయన తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "అది చాల్లే తల్లీ. మేం ఇంకేం చెయ్యగలం" అన్నాడు. అవ్వ చేట కింద పెట్టి, లోపలికి వెళ్లి, లోటాతో మజ్జిగ తెచ్చి దడి మీదుగా ఆయనకు ఇచ్చింది. ఆయన తాగి లోటా తిరిగి ఇచ్చాడు.

ఆయన గట్టు మీద దూరమయ్యాక అక్క నా దగ్గరికి వచ్చింది.

"ఆయనకు ఈ లెక్క ఎప్పుడూ చెప్పబాక" అంది.

"చెప్పను."

"బస్సుకు పొద్దుపోతా ఉంది. రా, జడ వేస్తా."